మా నాయన పేస్‌మేకర్ గురించి మీరు మూసేసిన ఫిర్యాదు టికెట్లు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

కావలి నుంచి రాస్తున్నాను. మా నాయన ఛాతీలో మీ పేస్‌మేకర్ ఉంది. రాత్రి ఆయన నిద్రపోయాక మంచం పక్కనుండే మీ డబ్బా పేస్‌మేకర్‌లోని రీడింగులు తీసుకుని పంపితే నెల్లూరులో డాక్టరు గారు చూసుకోవాలి. అవి రావడం లేదు. సరే, మిషన్ అన్నాక మొరాయిస్తుంది. నా మంట దాని మీద కాదు, మీ మనుషుల మీద.

మీకు ఫోన్ చేసి, తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో పలికారు. వైఫై రౌటర్ ఆపి మళ్ళీ వేయమన్నారు. అయ్యా, ఆ డబ్బాలో ఉన్నది సిమ్ము, మా ఇంట్లో వైఫై లేదు అంటే, అయితే ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేయమన్నారు! పేస్‌మేకర్‌తో ఈ డబ్బా మాట్లాడేది 402–405 మెగాహెర్ట్జ్ మీద అని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్. మీ పుస్తకం మేమే చదివి మీకే చెప్పాలా?

ఇంకో ఆయన డబ్బాను సిగ్నల్ బాగుండే కిటికీ దగ్గర పెట్టమన్నాడు, హాల్లో కిటికీ దగ్గర పెట్టాం. తర్వాతి అమ్మాయి మంచానికి దూరంగా ఎందుకు పెట్టారని మమ్మల్నే తిట్టినంత పని చేసింది. ఆమె చెప్పిందీ నిజమే, ఒంట్లో ఉండే పరికరం చాలా తక్కువ పవర్‌తో, మైక్రోవాట్లలో పంపుతుంది, హాలు దాకా రాదు. మరి పేస్‌మేకర్ మాట డబ్బాకు అందడం లేదా, డబ్బా నుంచి సర్వర్‌కు పోవడం లేదా? నేను అడిగిందల్లా ఇదొక్కటే. జవాబు లేదు, పాట మాత్రం వినిపించారు.

పైగా పేషెంటే లైన్‌లోకి వచ్చి పుట్టినతేదీ చెప్పాలట. ఆధార్‌లో జులై 1, మీ కార్డులో ఇంకోటి (ఆ కాలం వాళ్ళకు ఎవరు రాసిపెట్టారు లెండి). తేదీ కలవలేదని ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రమే 'మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు' అని మెసేజ్. ఏం పరిష్కరించారబ్బా? మా నాయన గుండెనా, మీ టికెట్‌నా?

పాత పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు, చవకలో వేరే కంపెనీది ఉందని ఎంతమంది చెప్పినా మళ్ళీ మీదే వేయించాం. ఆ మర్యాద ఇదన్నమాట. డాక్టరు గారు ఆస్పత్రిలో చూసి పేస్‌మేకర్ బాగానే ఉందన్నారు కాబట్టి ఇంకా ఇలా మాటలతో సరిపెడుతున్నాను.

డబ్బా మారుస్తారో, తెలిసిన ఇంజనీరునే పంపుతారో మీ ఇష్టం, నాకు మాత్రం ఒక పేరు, ఒక నేరు నంబర్ కావాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, వైద్య పరికరాల ఫిర్యాదులు తీసుకునే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కూ రాస్తాను. ఈ లేఖకు కూడా టికెట్ నంబర్ ఇచ్చి మూసేస్తే మూసేయండి, దాన్నీ ఆ కాగితాలకు జత చేస్తాను.