‘కబీరియా’ కర్త ఎవరు?

సంపాదకులకు,

ఇటలీ మూకీ చిత్రాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో 1914 నాటి ‘కబీరియా’ను కవి, నాటకకర్త గాబ్రియేలె దానున్‌జియో చిత్రంగా పేర్కొన్నారు గానీ, దర్శకుడు జొవాన్ని పాస్త్రోనె పేరు ఎక్కడా రాయలేదు. ఈ పొరపాటు మీతో మొదలైనది కాదు. ఆ చిత్రం ప్రకటనలే దీనికి మూలం.

ట్యూరిన్‌లోని ఇతాలా ఫిలిం సంస్థ కోసం పాస్త్రోనె, ప్రాచీన రోమ్, కార్తేజ్‌ల మధ్య జరిగిన రెండో ప్యూనిక్ యుద్ధకాలపు కథను తలకెత్తుకున్నాడు. పని చాలావరకు ముందుకు సాగిన తరువాతే, అప్పులవాళ్ల బాధ పడలేక ఫ్రాన్స్‌లో తలదాచుకున్న దానున్‌జియోను ఆశ్రయించాడు. కవికి 50,000 లిరాలు ముట్టాయి. ఆయన టైటిల్ కార్డులను, అంటే మూకీల్లో దృశ్యాల మధ్య తెరపై కనిపించే మాటలను, తన శైలిలో తిరగరాసి, పాత్రలకు, చిత్రానికి పేర్లు పెట్టాడు. ప్రకటనల్లో కర్తగా ఆయన పేరే వెలిగింది.

దానున్‌జియో చేసినది స్వల్పమని నేను అనడం లేదు. సినిమాను సంతలో వినోదంగా చూసే చదువరులు ఒక మహాకవి పేరు చూసి థియేటరుకు వచ్చారు. ఇల్దెబ్రాందో పిజ్జెత్తి వంటి సంగీతకర్త ఆ చిత్రం కోసం ‘అగ్ని సింఫనీ’ కట్టాడు. జెనోవా రేవులో కూలిపని చేసిన బార్తొలొమెయో పగానో పోషించిన బలశాలికి కవి పెట్టిన ‘మాచిస్తె’ అనే పేరు జనం నోళ్లలో ఎంతగా నానిందంటే, ఆ తరువాత పన్నెండేళ్లపాటు అదే పేరుతో పగానో వరసగా చిత్రాల్లో నటించాడు. ఇటలీ లిబియాపై చేసిన యుద్ధాన్ని పద్యాల్లో కీర్తించిన ఆ కవి కలం నుంచి వచ్చిన మాటలు కనుకనే, కార్తేజ్‌పై రోమ్ విజయగాథ ఆనాటి ప్రేక్షకులకు తమ దేశపు కొత్త దండయాత్రకు సమర్థనలా వినిపించి ఉంటుందని నా అభిప్రాయం. కవి ప్రభావాన్ని చర్చించేటప్పుడు ఈ సంగతిని దాటవేయకూడదు.

అయితే కార్తేజ్‌లోని మొలోక్ దేవుడి ఆలయంలో పసివాళ్లను మంటల్లోకి తోసే ఘట్టాన్ని చూసినవారిని పట్టి నిలిపేది పద్యం కాదు. చక్రాల బండిపై కెమెరాను నెమ్మదిగా కదిలిస్తూ, ఆ భారీ సెట్ల లోతును కంటికి కట్టించిన పద్ధతి పాస్త్రోనెది. దానికి ఆయన 1912లోనే పేటెంటు తీసుకున్నాడు. ఛాయాగ్రాహకుల్లో స్పెయిన్‌కు చెందిన సెగుందో ద షొమోన్ ఉన్నాడు. అంతగా శ్రమించిన దర్శకుడు ప్రకటనల్లో కనిపించకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

కనుక వచ్చే వారం సవరణ ప్రచురించి, అందులో పాస్త్రోనె పేరును దర్శకుడిగాను, దానున్‌జియో పేరును టైటిల్ కార్డుల రచయితగాను స్పష్టంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ చిత్రాన్ని ప్రదర్శించే మన ఫిలిం సొసైటీలకు కూడా ఒక విన్నపం: నిడివి తగ్గించడానికి టైటిల్ కార్డులను దాటవేయకుండా, ప్రతి కార్డునూ తెలుగులో చదివి వినిపించే మనిషిని తెర పక్కన నిలబెట్టండి. కవి వాటా ఎంతో, దర్శకుడి వాటా ఎంతో ప్రేక్షకులు అప్పుడు స్వయంగా తేల్చుకోగలరు.

— ఒక పాఠకుడు, విజయనగరం