వియ్యంకుల సినిమాకి ఇవేం తెలుగు సబ్‌టైటిల్స్?

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: ‘ది ఇన్‌లాస్’ (1979) సినిమాకు మీ యాప్‌లో ఉన్న తెలుగు సబ్‌టైటిల్స్‌పై ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

నేను మూడేళ్లుగా మీ చందాదారుని. ఇన్నాళ్లలో మీకు ఒక్క ఫిర్యాదు కూడా రాయలేదు. వీడియో మధ్యలో ఆగినా, చూస్తున్న సిరీస్‌ని చెప్పకుండా తీసేసినా సర్దుకుపోయాను. ఈసారి మాత్రం ఊరుకోలేకపోతున్నాను. మీరు పెట్టిన సబ్‌టైటిల్స్ వల్ల మా రెండు కుటుంబాల మధ్య ఒక సాయంత్రం పాడైంది. అది చిన్న విషయం ఎందుకు కాదో అర్థం కావాలంటే కొంచెం వివరంగా చెప్పాలి. దయచేసి చివరిదాకా చదవండి.

త్వరలో నా పెళ్లి. మా నాన్నగారికీ, కాబోయే మామగారికీ ఏ విషయంలోనూ పొంతన లేదు. నాన్న నోరు తెరిస్తే కథలే. బస్సెక్కి దిగిన సంగతి కూడా ఆయన చెబితే పది మలుపులు తిరుగుతుంది. మామగారు ఉద్యోగమంతా లెక్కల పుస్తకాలు తనిఖీ చేస్తూ గడిపిన మనిషి. ఎవరేం చెప్పినా ఒకసారి కూడి, తీసివేసి చూసుకున్నాకే తల ఊపుతారు. మొదటిసారి కలిసినప్పుడు నాన్న తన ఉద్యోగంలో జరిగిన ఒక సాహసం చెబుతుంటే, మామగారు మధ్యలో “ఇది ఏ సంవత్సరం అండీ?” అని అడిగారు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు, అలవాటు కొద్దీ అడిగారు. కానీ నాన్న ఆ కథ పూర్తి చేయలేదు. ఆ తర్వాత రెండుసార్లు కలిసినా ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడుకున్నారే తప్ప దగ్గర కాలేదు. అమ్మ, అత్తగారు వీళ్లిద్దరినీ చూసుకుంటూ టెన్షన్ పడటమే సరిపోయింది.

అప్పుడు నాకూ, నేను చేసుకోబోయే అతనికీ ఈ సినిమా గుర్తొచ్చింది. మేమిద్దరం చాలాసార్లు చూసి నవ్వుకున్న సినిమా ఇది. ఆండ్రూ బెర్గ్‌మన్ రాయగా ఆర్థర్ హిల్లర్ తీశారు. పెళ్లికూతురి తండ్రి షెల్డన్ పళ్ల డాక్టరు. అన్నీ ఒక పద్ధతిలో జరగాలనుకునే మనిషి. ఆ పాత్ర అలన్ ఆర్కిన్ చేశారు. పెళ్లికొడుకు తండ్రి విన్స్‌గా పీటర్ ఫాక్ నటించారు. తాను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో పనిచేస్తానంటాడు విన్స్. అది నిజమో, మనిషికి మతి చలించిందో డాక్టరుకి తెలియదు, చూసే మనకీ తెలియదు. ఐదు నిమిషాల పని ఉందని వియ్యంకుణ్ణి వెంట పెట్టుకుని బయల్దేరతాడు. ఆ ఐదు నిమిషాలు కాస్తా తుపాకులకీ, చిన్న విమానంలో దేశం దాటడానికీ, ఆఖరికి కాల్చి చంపే ఫైరింగ్ స్క్వాడ్ ముందు నిలబడటానికీ దారి తీస్తాయి. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు తండ్రులు ఆ దారిలోనే మనసులు కలుపుకుంటారు.

కథలు చెప్పే ఒక తండ్రి, ఆ కథల్ని నమ్మలేని ఇంకో తండ్రి. మా ఇంటి సంగతే తెర మీద ఉంది. పెద్దవాళ్లు నలుగురూ కలిసి ఇది చూసి నవ్వితే, మేం మాటలతో చేయలేనిది ఆ నవ్వు చేస్తుందని ఆశపడ్డాం. కాకపోతే వాళ్లెవరూ ఇంత వేగంగా సాగే ఇంగ్లీషు అందుకోలేరు. మీ పేజీలో ‘సబ్‌టైటిల్స్: తెలుగు’ అని కనిపించగానే ఎంత సంతోషించామో చెప్పలేను. దాన్ని నమ్మే వాళ్లను పిలిచి కూర్చోబెట్టాం.

సినిమా పేరు పడగానే కింద మీ తెలుగు వచ్చింది: “చట్టాలలో”.

ఇంగ్లీషులో ‘లా’ అంటే చట్టమే. కానీ ‘ఇన్‌లా’ అంటే పెళ్లితో కలిసిన బంధువు. ఇక పెళ్లికొడుకు తల్లిదండ్రులకూ పెళ్లికూతురి తల్లిదండ్రులకూ మధ్య ఉండే బంధుత్వానికి ఇంగ్లీషులో విడిగా వాడుకలో ఉన్న మాట లేదు. ఆ ఒక్క మాటతోనే అన్ని బంధుత్వాలనూ సర్దుకుంటారు. మనకు ఆ ఇబ్బంది లేదు. వియ్యంకుడు, వియ్యపురాలు, వియ్యం అందుకోవడం, వియ్యాలవారు అంటూ ఈ సినిమా దేని గురించో చెప్పే మాటలన్నీ మన భాషలో ఎప్పటి నుంచో ఉన్నవే. మాట కోసం వెతుక్కోవాల్సిన అవసరమే లేని చోట మీరు “చట్టాలలో” అని రాశారు. సినిమా లోపల ఆ మాట వచ్చినప్పుడల్లా “అత్తమామలు” అని పెట్టారు. ఈడూజోడూ అయిన ఇద్దరు మగవాళ్లు ఒకరికొకరు అత్తమామలు ఎలా అవుతారు? “ఎవరు ఎవరికి అత్తే?” అని అమ్మ నన్ను అడిగింది. జవాబు నేను చెప్పేలోగా రెండు డైలాగులు దాటిపోయాయి.

కథ మొదలయ్యేది ఒక దొంగతనంతో. అమెరికా కరెన్సీ నోట్లు ముద్రించే అచ్చులు పోతాయి. వాటిని ఇంగ్లీషులో ‘ప్లేట్స్’ అంటారు. మీ సబ్‌టైటిల్స్‌లో అవి “పళ్లేలు” అయ్యాయి. “నోట్ల అచ్చులు” అని రెండు మాటలు రాసి ఉంటే సరిపోయేది. తుపాకులు పట్టుకుని పళ్లేల కోసం ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియక మా వాళ్లు చాలాసేపు అలాగే చూశారు. ఒక దేశం డబ్బే తలకిందులయ్యేంత ప్రమాదం నడుస్తోందని ఎవరికీ తట్టలేదు. ఆ ప్రమాదం తెలియకపోతే డాక్టరు పడే భయంలో ఉన్న హాస్యమూ తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మాత్రం భోజనాల సన్నివేశం.

రెండు కుటుంబాలు మొదటిసారి కలిసి భోంచేస్తుంటాయి. గ్వాటెమాల అడవుల్లో గద్దలంత సెట్సీ ఈగల్ని చూశాననీ, అవి పసిపిల్లల్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోతాయనీ విన్స్ చెబుతాడు. సెట్సీ ఈగ అతినిద్ర వ్యాధిని మోసుకొచ్చే ఈగ. అది ఉండేది ఆఫ్రికాలో. గ్వాటెమాల ఎక్కడ, ఆఫ్రికా ఎక్కడ! పైగా ఈగకి పక్షి ముక్కు! అతను ఎంతో బాధగా, ఆ తల్లుల కష్టం కళ్లారా చూసినవాడిలా చెబుతుంటే, ఎదురుగా డాక్టరు ఏం మాట్లాడాలో తెలియక చూస్తుంటాడు. ఆ నటులిద్దరి ముఖాలు చూడటానికే ఈ సినిమా చూడొచ్చు.

మీరు ‘సెట్సీ’ తీసేసి ఉత్త “ఈగలు” అన్నారు. తర్వాత “పిల్లలను వారి ముక్కులలో తీసుకువెళ్తాయి” అని రాశారు. తెలుగులో పక్షికీ, మనిషికీ ఇద్దరికీ ముక్కే. అందుకే మనం “ముక్కున కరుచుకుని” అంటాం. అప్పుడు వెంటనే పక్షి కళ్లముందు కనిపిస్తుంది. మీ వాక్యం చదివితే పిల్లలు ఎవరి ముక్కులోకి వెళ్లారో కూడా తెలియదు. మామగారు కళ్లద్దాలు సవరించుకుని, “ఈగ ముక్కులో పిల్లలు ఎలా పడతారు? ఇలాంటివి ఎలా చెబుతారో, వినేవాళ్లు ఎలా వింటారో” అన్నారు. ఆయన అన్నది సబ్‌టైటిల్ గురించి. నాన్న అది తన గురించే అనుకున్నారు. చెప్పాను కదా, కథలు చెప్పేది ఆయన. మొదటి పరిచయంలో ఆ ప్రశ్న అడిగించుకున్నదీ ఆయనే. ఆ తర్వాత నాన్న తెర వైపు చూశారే గానీ పెదవి విప్పలేదు.

మామగారు చాలా చదివిన మనిషి. అక్కడ ‘సెట్సీ ఈగ’ అని ఉంటే, అది ఆఫ్రికా ఈగ అని అందరికంటే ముందు ఆయనే పట్టేసేవారు, పట్టేసి నవ్వేవారు. ఆ నవ్వులో నాన్న కలిసేవారు. దాని కోసమే మేం ఈ సినిమా పెట్టాం. ఒక్క మాట వదిలేయడం వల్ల అదంతా ఎలా తారుమారైందో మీకు అర్థమవుతుందని అనుకుంటున్నాను.

ఇక విమానాశ్రయం దగ్గర కాల్పుల సన్నివేశం. తూటాలు తగలకుండా వంకర టింకరగా పరిగెత్తమని “సర్పెంటైన్, షెల్!” అంటూ విన్స్ అరుస్తుంటాడు. వియ్యంకుడి పేరు షెల్డన్ కాబట్టి ముద్దుగా ‘షెల్’ అంటాడు. అప్పటికే తిన్నగా పరిగెత్తి తప్పించుకున్న డాక్టరు, చెప్పిన పద్ధతిలో చేయలేదే అని మళ్లీ వెనక్కి వెళ్లి, ఈసారి మెలికలు తిరుగుతూ వస్తాడు. ఆ మనిషి స్వభావమంతా ఆ ఒక్క పరుగులో ఉంది. ఆ సమయంలో మీ సబ్‌టైటిల్: “పాము లాంటి పెంకు! పాము లాంటి పెంకు!” ‘షెల్’ అంటే పెంకు అనుకుని మనిషి పేరును కూడా అనువదించేశారు. “మెలికలు తిరుగు షెల్!” అంటే పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది.

మామగారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, “ఇంకోరోజు చూద్దాంలే అమ్మా” అంటూ లేచారు. నాన్న గుమ్మం దాకా వెళ్లి సాగనంపారు, అంతే.

మిగిలిన భాగం ఆ రాత్రి నేనొక్కదాన్నే కూర్చుని, పెన్నూ కాగితం పెట్టుకుని చూశాను. చూసేకొద్దీ బాధ పెరిగింది. ఎందుకంటే ఈ సినిమాను ఇంగ్లీషులో కన్నా తెలుగులో ఇంకా బాగా చెప్పొచ్చు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యు’. మనకు ‘మీరు’ ఉంది, ‘నువ్వు’ ఉంది. కొత్తగా వియ్యమందిన వాళ్లు “మీరు”, “బావగారూ” అని మొదలుపెడతారు. చనువు వచ్చేదాకా ఆ గౌరవం ఒక అడ్డుతెరలా ఉంటుంది. తెలుగు తెలిసిన అనువాదకుడెవరైనా మొదటి భోజనంలో “మీరు” పెట్టి, కోపమొచ్చినప్పుడు కూడా దాన్ని వదలనివ్వకుండా, చావు ఎదురుగా ఉన్న ఫైరింగ్ స్క్వాడ్ దగ్గర మాత్రం మొదటిసారి “నువ్వు” అనిపించి ఉంటే, ఆ ఇద్దరూ ఎంత దగ్గరయ్యారో ఎవరూ వివరించక్కర్లేదు. మీ సబ్‌టైటిల్స్‌లో డాక్టరు భోజనాల దగ్గరే కాబోయే వియ్యంకుణ్ణి “నువ్వు ఏమి చేస్తావు” అని అడుగుతాడు. తర్వాతి వరుసలో “మీరు” వస్తుంది. ఇంకో వరుసలో “నీవు”. మా అత్తగారు మెల్లగా, “ఈ డాక్టరుకి మర్యాద తెలియదా?” అన్నారు. పాపం, సినిమా మొత్తంలో మర్యాద కోసం ప్రాణం పెట్టే మనిషి అతనే.

ఇది మనిషి రాసింది కాదని, రాశాక మనిషి చదివింది కూడా కాదని నాకు అనిపిస్తోంది. యంత్రంతో అనువాదం చేయించడం తప్పని నేను అనను. దాన్ని తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ ఒక్కసారి కూడా చూడకుండా ‘తెలుగు’ అని పేరు పెట్టి అమ్మడం తప్పు.

పేజీలో ఇంకో పొరపాటు కూడా ఉంది. పోస్టరు, సినిమా 1979వి. కింద వివరాలు మాత్రం ఇదే కథతో 2003లో ఆండ్రూ ఫ్లెమింగ్ తీసిన సినిమావి. పాదాల డాక్టరు, మైకేల్ డగ్లస్, ఆల్బర్ట్ బ్రూక్స్ అని రాసి ఉంది. పళ్ల డాక్టరు కథకి పాదాల డాక్టరు పరిచయం పెట్టారు.

మరునాడే మీ చాట్‌లో చెప్పాను. మొదట ఇంటర్నెట్ వేగం చూసుకోమన్నారు. తర్వాత యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. అనువాదం తప్పని మూడోసారి రాస్తే, “ఇబ్బందిగా ఉంటే సబ్‌టైటిల్స్ ఆఫ్ చేసుకోవచ్చు” అని జవాబిచ్చి, సమస్య పరిష్కారమైందని మెసేజ్ పంపారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. తెలుగు అవసరమై వచ్చినవాళ్లకి తెలుగు ఆపేసుకోమని చెబుతారా?

నేను కోరేవి ఎక్కువేం కాదు. ఈ సబ్‌టైటిల్స్‌ని వెంటనే తీసేసి, తెలుగు బాగా తెలిసిన అనువాదకులతో కొత్తగా రాయించండి, వాళ్ల పేరు కూడా వేయండి. యంత్రం చేసిన అనువాదాలు ఉన్న చోటల్లా ఆ విషయం పేజీలో స్పష్టంగా రాయండి, చూడాలో వద్దో మేమే నిర్ణయించుకుంటాం. పేజీలో వివరాలు సరిచేయండి. ఈ నెల చందా తిరిగి ఇవ్వండి. ఈ ఉత్తరానికి సొంతంగా చదివి రాసిన జవాబు పది రోజుల్లోగా పంపండి.

ఆ రాత్రి నేను రాసుకున్న తప్పుల పట్టిక, వాటి పక్కన సరైన తెలుగు, ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మొత్తం పదకొండు పేజీలు. మీ అనువాదకులకి పనికొస్తే నిరభ్యంతరంగా వాడుకోండి, నాకు డబ్బు ఏమీ అక్కర్లేదు. పెళ్లికి ఇంకా ఆరు వారాలు ఉంది. నాన్న, మామగారు ఫైరింగ్ స్క్వాడ్ సన్నివేశం ఇంకా చూడలేదు. ఈలోగా సరైన సబ్‌టైటిల్స్ వస్తే వాళ్లిద్దరినీ మళ్లీ ఒకే సోఫాలో కూర్చోబెడతాను.

ఇట్లు,
మీ చందాదారు

జత: సబ్‌టైటిల్స్ తప్పుల పట్టిక, చాట్ సంభాషణ కాపీ