ఎలుకమనుషుల్ని ఎప్పుడు బోర్లించాలి?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు ఈ నెల వార్తాలేఖ చివరి పేజీలో ఇచ్చాం. ఈ పేజీ మాత్రం మూడు శనివారాలుగా మన లైబ్రరీలో జరుగుతున్న ఒక ఆట టోర్నమెంటు గురించి. పిల్లలు ఇంటికొచ్చి "ఎలుకమనుషుల్ని బోర్లించేశాను", "షావుకారు మరుగుజ్జులు నాకే దొరికారు" అంటుంటే ఇదేం భాష అని చాలామంది అడిగారు. ఒక తండ్రిగారు ఫోన్ చేసి, "మేడమ్, మా అమ్మాయిని ముగ్గురూ కలిసి ఓడించారట. రాత్రి అన్నం కూడా తినలేదు" అన్నారు. ఆయనకు ఫోన్లో చెప్పిన నాలుగు మాటలూ సరిపోలేదనిపించింది. అందుకే అందరికీ వివరంగా రాస్తున్నాను.

ఆట పేరు స్మాల్ వరల్డ్. బెల్జియం దేశస్థుడు ఫిలిప్ కేయార్ట్స్ తయారుచేశారు. డేస్ ఆఫ్ వండర్ సంస్థ 2009లో విడుదల చేసింది. అంతకు పదేళ్ల ముందు, 1999లో, ఆయనే విన్సీ అని ఒక ఆట చేశారు. అందులో ఉన్నవి ఐరోపా ప్రాచీన నాగరికతలు. ఆ పద్ధతినే ఊహాలోకంలోకి తెచ్చి, మరుగుజ్జులు, మంత్రగాళ్లు, అస్థిపంజరాలు, పిశాచాలు, ఎలుకమనుషులు అంటూ 14 జాతులతో ఈ ఆట చేశారు. వీటికి తోడు 20 శక్తులున్నాయి. ఆట మొదలయ్యేటప్పుడు జాతుల్నీ శక్తుల్నీ విడివిడిగా కలిపి జతలు పేరుస్తారు. ఒకసారి ఎగిరే ఎలుకమనుషులు వస్తే, ఇంకోసారి ఎగిరే మరుగుజ్జులు వస్తారు. పద్నాలుగు ఇరవైలు 280 జతలు కాబట్టి, నిన్న గెలిపించిన ఎత్తు ఇవాళ పనికొస్తుందన్న నమ్మకం లేదు.

బోర్డు మీద ఉన్నది చాలా చిన్న లోకం. కొండలు, గుట్టలు, అడవులు, పొలాలు, చిత్తడి నేలలు అన్నీ కలిపినా అందరికీ సరిపోవు. ఖాళీ ప్రాంతం పట్టాలంటే తమ జాతి బిళ్లలు రెండు పెట్టాలి. అక్కడ కొండ ఉంటే ఒకటి ఎక్కువ, ఎదుటివాళ్ల బిళ్లలుంటే బిళ్లకొకటి చొప్పున ఇంకా ఎక్కువ. వంతు పూర్తయ్యేసరికి ఎన్ని ప్రాంతాలుంటే అన్ని నాణేలు. నలుగురు ఆడితే తొమ్మిది రౌండ్లు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ నాణేలుంటే వాళ్లు గెలిచినట్టు. నాణేల విలువ కనబడకుండా తిప్పి పెట్టుకోవచ్చు కాబట్టి, ఎవరు ముందున్నారో గుర్తుపెట్టుకోవాల్సిందే తప్ప చూసి తెలుసుకోలేం.

ఇక బోర్లించడం సంగతి. మొదట పట్టిన జాతి కొన్ని వంతులకే పలచబడిపోతుంది. ఒక్కో ప్రాంతంలో ఒక్కో బిళ్ల మిగిలి, ముందుకు పోలేని స్థితి వస్తుంది. అప్పుడు ఒక వంతంతా వదులుకుని, ప్రాంతానికి ఒక బిళ్ల చొప్పున ఉంచి, వాటిని వెనక్కి తిప్పి పెట్టేయాలి. ఆ వంతులో కొత్త నేల పట్టకూడదు. తర్వాతి వంతులో కొత్త జాతిని తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. బోర్లించిన జాతిని ఎవరూ తరమనంతకాలం అది నాణేలు తెస్తూనే ఉంటుంది. అయితే రెండో జాతిని కూడా బోర్లిస్తే మొదటిది మామూలుగా బోర్డు మీద నుంచి వెళ్లిపోతుంది.

నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు తెలుగు మాస్టారి దగ్గర కూర్చుని రెండు కాగితాల్లో దాన్ని తెలుగులోకి తెచ్చారు. ఈ దశకు ఏం పేరు పెట్టాలా అని క్షీణదశ, పతనం, విశ్రాంతి అంటూ చాలాసేపు వాదించుకున్నారు. పక్కన నిలబడి వింటున్న ఆరో తరగతి పాప, "అక్కా, బిళ్ల బోర్లిస్తున్నాం కదా, బోర్లించడమే" అంది. అంతే, ఆ మాటే ఖాయమైంది. ఆ పెట్టెలోని భారీకాయులకు ఘటోత్కచులని పేరు పెట్టింది కూడా పిల్లలే.

టోర్నమెంటు మూడో రౌండులో ఒక బల్ల దగ్గర నేను మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను. ఏడో తరగతి అమ్మాయికి ఎగిరే ఎలుకమనుషులు వచ్చారు. ఎలుకలకు ఎనిమిది, ఎగిరే శక్తికి ఐదు, మొత్తం 13 బిళ్లలు. రెండో వంతు అయ్యేసరికి ఏడు ప్రాంతాలు పట్టేసింది. మూడో వంతు వచ్చింది. బోర్డు మీద అందరికన్నా బలంగా ఉన్నది తనే. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసి, "బోర్లిస్తున్నాను" అంది. మిగతా ముగ్గురూ తలెత్తారు. ఒక అబ్బాయి, "ఎందుకే, బానే ఉన్నావుగా?" అన్నాడు కూడా. తను మాట్లాడలేదు, ఒక్కొక్క బిళ్లే తిప్పుకుంటూ పోయింది. తర్వాతి వంతులో షావుకారు మరుగుజ్జుల్ని తీసుకుంది. ఉన్నవి ఏడు బిళ్లలే. మూడు ఖాళీ ప్రాంతాలు పట్టింది, అందులో రెండు గనులున్నవి. షావుకారు శక్తికి ఒకేసారి వచ్చే 7 నాణేలు, ప్రాంతాలకు 3, గనులకు 2, ఇంకా మిగిలి ఉన్న ఎలుకల ప్రాంతాలకు 5. ఆ ఒక్క వంతులో 17 నాణేలు.

ఎదురుగా ఉన్న అబ్బాయి దగ్గర గుట్టల ఘటోత్కచులున్నారు. పది బిళ్లలతో మొదలుపెట్టి, ఏడో వంతుదాకా వాళ్లతోనే ఉన్నాడు. వంతుకు ఏడు నాణేలకు మించి రాలేదు. ఆట అయ్యాక, ఇంకా ముందే ఎందుకు బోర్లించలేదని అడిగితే, "నావాళ్లు మేడమ్, ఎలా వదిలేస్తాను?" అన్నాడు. ఆ మాట నాకు రెండు రోజులు చెవిలో మోగుతూనే ఉంది. ఎవరూ తరమకుండానే, బాగున్నప్పుడే, ఇక చాలని చెయ్యి తీయడం పన్నెండేళ్ల పిల్లలకు చిన్న పనేం కాదు. ఆ అమ్మాయి చేసింది నాకు ఎంత నచ్చిందో, ఆ అబ్బాయి మమకారం కూడా అంతే నచ్చింది. వచ్చే ఏడాది అతను ఇంకా బాగా ఆడతాడు.

ఆడటం ఒక ఎత్తు, ఆడించడం ఇంకో ఎత్తు. మన దగ్గర మూడు పెట్టెలున్నాయి. ఒకటి మన పాత విద్యార్థిని అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చింది, రెండు తల్లిదండ్రులు కొనిచ్చారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల నుంచి 24 మంది పేర్లిచ్చారు. అంటే ఆరు బల్లలు. పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు. తొమ్మిదో తరగతి వాళ్లు నలుగురు రిఫరీలు.

అసలు ఇబ్బంది టైముతో వచ్చింది. పెట్టె మీద 40 నుంచి 80 నిమిషాలని ఉంది. మా మొదటి ప్రాక్టీసు ఆట రెండు గంటలు దాటింది. రిఫరీలు నల్లబల్ల మీద లెక్క వేశారు: నలుగురు, తొమ్మిదేసి వంతులు, మొత్తం 36. వంతుకు రెండు నిమిషాలిస్తే 72 నిమిషాలు, రెండు పీరియడ్లలో సరిపోతుంది. సైన్సు ల్యాబులోని స్టాప్‌వాచ్‌లు తెచ్చారు. మొదటి వారం ఆ స్టాప్‌వాచ్ చూస్తేనే చిన్నవాళ్లకు టెన్షన్. రెండో వారానికి, పక్కవాళ్లు ఆడుతున్నప్పుడే తమ ఎత్తు ఆలోచించుకోవడం వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు.

నియమాల పుస్తకం ప్రకారం ఎవరి చెవులు ఎక్కువ కోసుగా ఉంటే వాళ్లు ముందు ఆడాలి. టోర్నమెంటులో అది కుదరదు కాబట్టి చీట్లు తీశాం. చెవులు చూసుకోవడం మాత్రం మానలేదు.

జతలు వేసే పద్ధతి పీఈటీ మాస్టారు చెప్పారు. చదరంగం పోటీల్లో వాడే స్విస్ పద్ధతి, 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నగరంలో జరిగిన పోటీలో మొదలైంది కాబట్టి ఆ పేరు. ఓడినవాళ్లను ఇంటికి పంపకుండా, ప్రతి రౌండు తర్వాత దాదాపు సమానమైన పాయింట్లు ఉన్నవాళ్లను ఒకచోట కూర్చోబెడతారు. మొదటి ఆటలో ఆఖరున వచ్చిన పాప కూడా మూడు రౌండ్లూ ఆడింది. ఒక్క ఆటకే బయటికి పంపేసేటట్లయితే ఈ టోర్నమెంటు పెట్టేదాన్నే కాదు.

బల్లకు మొదటి స్థానానికి 4, తర్వాత 3, 2, 1 పాయింట్లు. సమానమైతే? నాణేలు కూడదామంటే ఒక్కో బల్ల ఒక్కో రకం. ఒకచోట గట్టిగా కొట్టుకుని నాణేలు తక్కువొస్తాయి, ఇంకోచోట ఎవరి మూల వాళ్లు చూసుకుని ఎక్కువ తెచ్చుకుంటారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు శాతాలు తీద్దామన్నాడు. ఒక బల్ల దగ్గర నలుగురివీ కలిపి 360 నాణేలుంటే, అందులో 99 తెచ్చుకున్నవాళ్లది 27.5 శాతం. పక్క బల్ల దగ్గర మొత్తం 320, అందులో 96 తెచ్చుకున్నవాళ్లది 30 శాతం. 99 కన్నా 96 పెద్దదెలా అవుతుందో ఆరో తరగతి వాళ్లకు వాడే చాక్‌పీసు పట్టుకుని చెప్పాడు. ఫైనల్‌కు వెళ్లే నలుగురిలో నాలుగో చోటుకు ముగ్గురు సమానంగా నిలిచినప్పుడు తేల్చింది ఈ లెక్కే.

తగవులూ వచ్చాయి. వంతులో ఆఖరి దాడికి బిళ్లలు చాలకపోతే పాచిక వేయొచ్చు. మూడు ముఖాలు ఖాళీ, మిగతా వాటిమీద 1, 2, 3. ఏ ప్రాంతం మీదికి వెళ్తున్నామో ముందు చెప్పి, తర్వాత వేయాలి. ఒక అబ్బాయి చెప్పకుండానే వేశాడు, 3 పడింది. అప్పుడు అందరికన్నా ఖరీదైన కొండ మీద వేలు పెట్టాడు. రిఫరీ అమ్మాయి కాగితం తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించి, "చెల్లదు తమ్ముడూ" అంది. వాడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నా వైపు చూశాడు. తీర్పు రిఫరీదేనని మొదటిరోజే అందరం ఒప్పుకున్నాం కాబట్టి నేను కలగజేసుకోలేదు. ఆమె స్టాప్‌వాచ్ ఆపి, వాడు మంచినీళ్లు తాగి వచ్చేదాకా ఆగి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ల పిల్ల. నేనెవరికీ అది నేర్పలేదు.

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్న. ఎవరో ముందున్నారనిపిస్తే మిగతావాళ్లు వాళ్ల మీదికి వెళ్లడం ఈ ఆటలో మామూలే, అందులో తప్పు లేదు. కానీ విచారిస్తే ఇంకో సంగతి తెలిసింది. ఆ బల్ల దగ్గరి ఇద్దరు ఒకే సెక్షన్ వాళ్లు. ఒకరినొకరు కొట్టుకోకూడదని పొద్దున బస్సులోనే అనుకుని వచ్చారు. మొదటి రౌండు బల్లలు రోల్ నంబర్ల వరుసలో వేయడం మా ఏర్పాటులో లోపం. ఆ అమ్మాయిని పిలిచి, ఆ మాట ఒప్పుకుని క్షమించమని అడిగాను. ఆ ఇద్దరితో మాట్లాడాను, శిక్ష వేయలేదు. రెండో రౌండు నుంచి ఒకే సెక్షన్ వాళ్లను ఒక బల్లకు వేయలేదు. ఒప్పందాలు చేసుకోవచ్చు, కానీ బల్ల దగ్గరే, నలుగురికీ వినబడేలా. గుసగుసలు కుదరవు.

ఇంకొకటి, పిల్లలు "కక్ష వంతు" అనేది. ఎలాగూ ఓడిపోతున్నవాళ్లు ఆఖరి వంతులో తమకు పైసా లాభం లేకున్నా ఒకరి మీద పడి ఇంకొకరిని గెలిపించడం. ఆట నియమాల్లో దీనికి అడ్డు లేదు. మన రిఫరీలు మాత్రం ఆఖరి వంతులో "దీనివల్ల నీకేం వస్తుంది?" అని అడుగుతారు. ఒక్క నాణెం వస్తుందన్నా సరే, సమాధానం ఉంటే చాలు. అడగడం మొదలుపెట్టాక మూడో రౌండులో ఒక్క కక్ష వంతు కూడా నేను చూడలేదు.

చదరంగం ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. కోనేరు హంపి పుట్టిన గుడివాడ మన పక్కనే ఉంది, మన చదరంగం క్లబ్బు మంగళవారాలు ఎప్పటిలాగే నడుస్తుంది. చదరంగంలో ఇద్దరికీ సమానమైన బలగం. ఈ ఆట మన పులి–మేకకు దగ్గర. పులులు కొన్నే, మేకలు ఎక్కువ, ఎవరి బలం వాళ్లది. గుళ్ల అరుగుల మీద చెక్కిన పులి–మేక గళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. మరుగుజ్జులకు మూడే బిళ్లలెందుకు, ఎలుకలకు ఎనిమిదెందుకు అని పిల్లలు అడిగినప్పుడు నేను పులి–మేక గీసి చూపించాను. ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే వాళ్లతో ఒక ఆట ఆడించండి.

ఫైనల్ వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు, లైబ్రరీలో. ఆడే నలుగురిలో ఒకరు ఆరో తరగతి. కప్పు లేదు. వచ్చే నెల ఐదో తరగతి వాళ్లకు ఈ ఆట నేర్పే పని ఆ నలుగురిదీ, దానికి వాళ్లు ఇప్పటికే పోట్లాడుకుంటున్నారు. మీరందరూ రండి. బల్ల చుట్టూ గీత గీసి ఉంటుంది, దాని బయట కుర్చీలు వేస్తాం. దయచేసి వెనకనుంచి ఎత్తులు చెప్పకండి, సైగలు కూడా వద్దు. మీ అబ్బాయి తప్పు ఎత్తు వేస్తున్నాడని మీకు కనబడుతూనే ఉంటుంది, అయినా వేయనివ్వండి. ఇంటికి వెళ్లాక ఎందుకు ఓడిపోయావని కాకుండా, ఏ వంతులో బోర్లించావు, ఎందుకప్పుడు అని అడిగి చూడండి. అరగంట చెబుతారు.

చివరగా ఒక మనవి. రెండో పెట్టెలో ఒక మరుగుజ్జు బిళ్ల, రెండు నాణేలు కనబడటం లేదు. యూనిఫాంలు ఉతకడానికి వేసేముందు ఒకసారి జేబులు చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు