మన మ్యూజియం హాలుకు తాళం

ఒరేయ్,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఈ వారమంతా నా మనసు మనసులో లేదు. మనం క్లాసులు ఎగ్గొట్టి కూర్చునే మ్యూజియం సినిమా హాలు మూసేశారు. కంగారు పడకు, మరమ్మతుల కోసమేనట, కొన్ని నెలలేనట. తలుపుకి అంటించిన కాగితం చూడగానే నాకొచ్చిన అనుమానం నీకూ వచ్చే ఉంటుంది. మరమ్మతులని మూసిన హాళ్ళలో ఎన్ని మళ్ళీ తెరిచారు గనక?

ఆఖరి ఆటకి వెళ్ళాను. మన వరసే, స్ప్రింగు గుచ్చుకునే ఆ సీటే. పక్కన నీ సీట్లో గొడుగు పెట్టుకున్నా. తెర మీద కుడివైపు నీటి మరక అలాగే ఉంది, ఎడారి సీన్లో కూడా మబ్బు పట్టినట్టే కనిపిస్తుంది. ఎంత ప్రేమున్నా ఒప్పుకోవాలిరా, ఆ హాలు బాగు చేయాల్సిందే.

ఆట అయ్యాక ఆపరేటర్ గారు కేబిన్‌లోకి రమ్మన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి! రెండు ఫిల్మ్ ప్రొజెక్టర్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండెందుకండీ అనడిగా. 2,000 అడుగుల రీలు 20 నిమిషాలు దాటి కాసేపు నడుస్తుందంతే. రీళ్ళన్నీ అతికించి ఒకటే మిషను మీద ఆడించొచ్చు, కానీ అతికించాలంటే మొదలూ చివరా కత్తిరించాలి. పాత ప్రింట్లు అరువిచ్చే ఆర్కైవులు దానికి ఒప్పుకోవు. అందుకని ఒక రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూలన చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో ప్రొజెక్టర్ మోటారు వేస్తారు. ఏడు సెకన్లకి ఇంకో చుక్క, వెంటనే మార్చేస్తారు. మనం అవి ఫిల్ము మీద మచ్చలనుకుని నవ్వుకునేవాళ్ళం, గుర్తుందా? ఆయన మాత్రం ఆ ఏడు సెకన్లూ కన్నార్పేవారు కాదట.

ఒక పాత డబ్బా మూత తీసి వాసన చూడమన్నారు. గుప్పున వెనిగర్! అసిటేట్ ఫిల్ము పాడవుతుంటే అదే వాసనట. ఒకసారి మొదలైతే ఆగదు, చల్లటి గదిలో పెట్టి నెమ్మదింపజేయడమే. అంతకుముందటి నైట్రేట్ ఫిల్మయితే ఇంకా ఘోరం, అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు.

నా టెన్షనంతా ఈ రెండు మిషన్ల గురించే. డిజిటల్ పెట్టి వీటిని పాత సామాన్లకి వేసేస్తారేమోనని. లేదట! లేజర్ ప్రొజెక్టర్ కొత్తగా వస్తుంది, ఇవీ ఉంటాయి. పైగా వీటికి వేగం మార్చే ఏర్పాటు చేస్తున్నారు. మూకీల కాలంలో కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు కదా, సెకనుకి 16 ఫ్రేములో, 18, 20 ఫ్రేములో ఉండేవి. వాటిని టాకీల లెక్కన 24కి ఆడిస్తే మనుషులు చీమల్లా పరుగెడతారు. మనం చూసి పడీపడీ నవ్విన కామెడీల్లో సగం నవ్వు ఆపరేటర్ వేగానిదేనేమో! ఇక సీట్లూ, కార్పెట్టూ, ఏసీ అన్నీ కొత్తవే. వాటి గురించి ఏం రాస్తాం.

మూసినన్నాళ్ళూ శనివారాలు మేడమీది ఉపన్యాసాల గదిలో 16 ఎంఎం చిన్న సినిమాలు వేస్తారట. అక్కడ కుర్చీలు మడత కుర్చీలు, గంట దాటితే నడుం పట్టేస్తుంది, అయినా వెళ్తా. పిల్లలకైతే ఖాళీ ఫిల్ము మీద నేరుగా బొమ్మలు గీయించి, అప్పటికప్పుడే ఆడించి చూపిస్తారట. పెద్దల్ని రానిస్తారా అనడిగితే ఆయన నవ్వేశారు.

తెరిచాక మొదటి వారం మూకీలు, పక్కనే పియానో. డిసెంబర్ 28న లూమియేర్ సోదరులవి. 1895లో అదే తేదీన పారిస్‌లో డబ్బులు తీసుకుని జనానికి చూపించిన 10 చిన్న సినిమాలూ వరసగా వేస్తారట. ఒక్కోటీ నిమిషం కూడా ఉండదు. టీ తాగి వచ్చేలోపు మొత్తం అయిపోతుంది, ఆలస్యంగా రావడం నీకు అలవాటు కాబట్టి ముందే చెప్తున్నా.

అసలు సంగతి ఇప్పుడు. పాత సీట్లు అడిగినవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. మన రెండూ అడిగాను. అవి ఒకే ఇనుప చట్రానికి బిగించి ఉన్నాయి, విడదీస్తే నిలబడవట. ఆదివారంలోగా తీసుకెళ్ళాలి. నేనొక్కణ్ణీ మోయలేను. శనివారం రాత్రికే బయల్దేరు, స్పానర్ నా దగ్గరుంది.

నీ
పక్క సీటువాడు