ముందు బిల్లులు చెల్లించండి

సంపాదకులకు,

2015లో గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్ (స్టార్టప్‌లకు తోడ్పడే రాష్ట్ర ప్రభుత్వ కేంద్రం) 2022లో రాయదుర్గంలోని సొంత భవనానికి మారింది. 2023లో టీ-వర్క్స్ కూడా తెరుచుకోవడంతో కొత్త పరికరాల నమూనాల తయారీకి మంచి వసతి ఏర్పడింది. చిక్కంతా ఆ తర్వాత, అమ్మిన సరుకుకు డబ్బు రాబట్టుకోవడంలోనే. చర్లపల్లిలో నీటిమట్టం కొలిచే పరికరాలు తయారుచేసే మా చిన్న సంస్థ ఒక ప్రభుత్వ విభాగానికి సరుకు అందించి పద్నాలుగు నెలలైంది. చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు మించరాదని 2006 నాటి చట్టం చెబుతున్నా, మా బిల్లు సొమ్ము ఇంకా రాలేదు. వెళ్లినప్పుడల్లా ‘ఫైలు పైన ఉంది’ అంటారు (ఏ అంతస్తులోనో చెప్పరు). ఈలోగా ఇద్దరు ఇంజనీర్లు వెళ్లిపోయారు. కొత్త రాయితీలు ప్రకటించే ముందు, స్టార్టప్‌ల నుంచి కొన్న సరుకుకు గడువులోగా చెల్లించేందుకు ఆర్థిక శాఖ విడిగా నిధి కేటాయించాలి.

– ఒక చిన్న పరిశ్రమ నిర్వాహకుడు, హైదరాబాద్