ఒక్క టిక్కు కోసం నాతో పరిగెత్తినవాళ్లకి

నిన్న ఫారినర్స్ ఆఫీసుకి వెళ్లి కార్డు తెచ్చుకున్నాను. జర్మనీలో శాశ్వత నివాస అనుమతి. వాళ్ల భాషలో నీడర్‌లాసుంగ్స్‌ఎర్‌లౌబ్‌నిస్. మా అమ్మ మాత్రం "ఆ పొడుగు పేరు కార్డు వచ్చిందా?" అని అడుగుతుంది. వచ్చిందమ్మా.

ఫోన్లు చేసి "సిటిజన్‌షిప్ వచ్చిందటగా" అంటున్నవాళ్లకి ఒక మాట. ఇది పౌరసత్వం కాదు, నా పాస్‌పోర్టు ఇండియాదే. ఇకపై ఉద్యోగం మారినా, పోయినా వీసా టెన్షన్ లేదు, అంతే. ఆ "అంతే" కోసం ఎంతమందిని నిద్ర లేపానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 2021లో బ్లూ కార్డు మీద వచ్చాను, అంటే నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్. బీ1, అంటే మధ్యస్థాయి జర్మన్ ఉంటే, 21 నెలలు పెన్షన్ కట్టాక దీనికి అప్లై చేసుకోవచ్చు. బీ1 రాసి, వినికిడి భాగంలో తప్పాను. పాసవ్వడానికి వందకి 60 కావాలి, నాకు 53. ఆ సిగ్గుతో ఏడాది పైనే ఆ ఊసెత్తలేదు. 2023 నవంబరు నుంచి ఏ1, అంటే మొదటి మెట్టు జర్మన్ ఉన్నా 27 నెలలకే ఇస్తున్నారని ఎవరో చెబితే, "బీ1 వచ్చాకే వేద్దాంలే, కార్డుకి ఇంకా గడువుందిగా" అనుకున్నాను. బద్ధకానికి ఆత్మాభిమానం అని పేరు పెట్టుకున్నానన్నమాట.

ఆ 53ని 70 చేసింది కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు. 76 ఏళ్లు. మా పాప ఆవిడని ఓమా, అంటే అమ్మమ్మా అని పిలుస్తుంది. ఆవిడ మాట్లాడేది ఊరి యాస, పరీక్షలో ఆ యాస రాదు. అందుకని రోజూ సాయంత్రం పేపరు తీసి పైకి చదివేది, తర్వాత నన్ను ప్రశ్నలడిగేది. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచీ. మా ఆరో తరగతి లెక్కల మాస్టారు గుర్తొచ్చేవారు. 'జర్మనీలో జీవితం' అనే పరీక్షకి కూడా ఆవిడే తయారుచేసింది. ఈ కార్డుకి 33 ప్రశ్నల్లో 15 వస్తే చాలు, నాకు 31 వచ్చాయి. పోయిన ఆ రెండూ ఏమిటని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఈ ఏడాది జనవరిలో అప్లికేషన్ వేశాను. కంపెనీ లెటరు ఒక్కరోజులో ఇచ్చిన మా హెచ్‌ఆర్ మేడమ్‌కి థాంక్స్. మార్చిలో బ్లూ కార్డు గడువు అయిపోయింది, ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. తిరగ్గా తిరగ్గా 13 యూరోలు కట్టించుకుని ఒక తాత్కాలిక పత్రం ఇచ్చారు. దాన్ని మేమంతా ఫిక్షన్ పేపరు అంటాం. నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతి ఇంకా ఉన్నట్టే లెక్క అని దాని అర్థం.

ఏప్రిల్ మొదట్లో ఖమ్మం నుంచి ఫోను. నాన్నకి గుండెనొప్పి, స్టెంట్లు వెయ్యాలన్నారు. శుక్రవారానికి టికెట్ బుక్ చేశాను. బుధవారం రాత్రి, మేమంతా అక్క అని పిలిచే తెనాలి ఆవిడకి చెబుదామని ఫోన్ చేశాను. ఇక్కడ నర్సుగా చేస్తారు, అప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నారు. నాన్న సంగతి విన్నాక ఆవిడ అడిగిన మొదటి మాట: "తమ్ముడూ, ఆ ఫిక్షన్ పేపరు లోపలి పేజీ ఫొటో పెట్టు."

పెట్టాను. రెండు నిమిషాల్లో మళ్లీ ఫోను. "టిక్కు తప్పు గడిలో ఉంది నాన్నా. ఇది పట్టుకుని వెళితే తిరిగి రాలేవు."

విషయమేంటంటే, ఆ పత్రంలో జర్మనీ నివాస చట్టం సెక్షన్ 81 కింద వేర్వేరు గడులుంటాయి. ఉన్న అనుమతి అయిపోకముందే అప్లై చేసినవాళ్లకి 4వ పేరా గడిలో టిక్కు ఉండాలి. అదుంటే దేశం దాటి మళ్లీ రావచ్చు. నాకు 3వ పేరాలో పెట్టారు. దాంతో ఇక్కడ ఉండొచ్చుగానీ, బయటికి వెళ్లి మళ్లీ రావడానికి అది పనికిరాదు. మూడు వారాలు ఆ కాగితం నా బ్యాగులోనే ఉంది. ఒక్కసారి కూడా చదవలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకి ఆఫీసు గేటు దగ్గరికి వెళ్లేసరికి అక్క నాకంటే ముందే నిలబడి ఉన్నారు. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికి కూడా వెళ్లకుండా అటునుంచటే వచ్చేశారు. ఓమా కూడా కర్ర పట్టుకుని నాతో బయల్దేరింది. అపాయింట్‌మెంట్ లేదని సెక్యూరిటీ ఆపితే అక్క మర్యాదగా సెక్షన్లు చెప్పారు, ఓమా అంత మర్యాదగా ఏమీ చెప్పలేదు. లోపల కౌంటరులో ఉన్న ఉద్యోగిని పాత కార్డు తేదీ, నా అప్లికేషన్ తేదీ పక్కపక్కన పెట్టి చూసి, "తప్పు మాదే" అని పావుగంటలో కొత్త పత్రం ఇచ్చింది. వెళ్లేటప్పుడు మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి అంది. ఆఫీసు మీద నాకున్న కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం అలాగే ఉంది, అది వేరే సంగతి.

నాన్నకి రెండు స్టెంట్లు వేశారు. ఇప్పుడు బావున్నారు, పొద్దున్నే నడకకి కూడా వెళ్తున్నారు.

తిరుగు ప్రయాణంలో అక్క ఎంత ముందుచూపుతో ఆలోచించారో అర్థమైంది. శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటరు అబ్బాయి ఆ కాగితాన్ని ఎప్పుడూ చూడలేదట. "వీసా ఎక్కడ సార్?" అన్నాడు. గడువు తీరిన కార్డు పారెయ్యకుండా ఉంచుకోమని అక్క చెప్పారు, ఉంచుకున్నాను. ఆ సెక్షన్‌కి ఇంగ్లీషు అనువాదం ప్రింటు తీసి, 4వ పేరా కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసిచ్చారు. సూపర్‌వైజరు వచ్చి ఆ గీత చదివి, ఎక్కడికో ఫోన్ చేసి, నలభై నిమిషాల తర్వాత బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టాడు. ఆ నలభై నిమిషాల్లో ఎంతమంది దేవుళ్లకి మొక్కానో లెక్క లేదు. ఆ మొక్కులన్నీ తీర్చాలంటే ఇంకోసారి ఇండియా రావాలి.

జూన్‌లో పిలిచారు, 113 యూరోలు కట్టాను, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ తర్వాతది మామూలే.

నేను లేని రెండు వారాలూ పాపని స్కూల్లో దింపిన పక్కింటి తమ్ముడికి, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకి కారు తెచ్చిన మా ఆఫీసు మిత్రుడికి కూడా థాంక్స్. మా ఆవిడకి ఇక్కడ చెబితే బావుండదు, ఇంట్లో విడిగా చెప్పుకుంటాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంట్లోనే భోంచెయ్యాలి. గోంగూర పచ్చడి అమ్మ పంపిందే. ఓమాకి కారం వెయ్యని పప్పు విడిగా చేస్తాం. అక్కా, ఈసారైనా డ్యూటీ ఉందని తప్పించుకోకండి. మీ రోస్టరు కనుక్కున్నాకే ఆదివారం అన్నాను.