4×98 అని అమ్మి 4×100 అల్లాయ్‌లు పంపారు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

హనుమకొండ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఫియట్ అబార్త్ పుంటో కోసం కొన్న అల్లాయ్ వీల్స్, టైర్ల ప్యాకేజీ ఆర్డర్‌కు భిన్నంగా రావడం, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మీ సిబ్బంది నిరాకరించడం.

అయ్యా/అమ్మా,

మీ వెబ్‌సైట్‌లో నాలుగు అల్లాయ్‌లు, నాలుగు టైర్లు కలిసిన ప్యాకేజీని ₹62,000 పెట్టి కొన్నాను. ఇంటికి వచ్చిన చక్రాలు నా కారుకు సరిపోవు. ఆ సంగతి ఫొటోలతో సహా మీ కస్టమర్ కేర్‌కు చెప్పినా వాపసు తీసుకోవడం కుదరదంటున్నారు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ముందు కారు గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 2016 అబార్త్ పుంటో. 1.4 టీ-జెట్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. కొత్త స్పోర్ట్స్ కారు కొనే స్తోమత లేనివాళ్లకు మన దేశంలో దొరికిన మంచి బండ్లలో ఇదొకటి. ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసిన తర్వాత దీనికి ప్రతి సామానూ వెతికి వెతికి తెచ్చుకోవాల్సిందే. చక్రాల విషయంలో ఇంకా కష్టం. స్విఫ్ట్‌కూ ఐ20కీ చక్రం బిగించే నాలుగు రంధ్రాలు 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద ఉంటాయి. ఫియట్ పుంటోకు ఆ వృత్తం 98 మిల్లీమీటర్లు. బజార్లో ఏ షాపుకు వెళ్లినా 4×100 గుట్టలు గుట్టలుగా ఉంటుంది, 4×98 దొరకదు. మీ పేజీలో కారు పేరు ఎంచుకోగానే "4×98, హబ్ 58.1, రింగులతో సహా" అని కనబడింది. హబ్ అంటే చక్రం మధ్య రంధ్రం కూర్చునే బండి భాగం, 58.1 దాని వ్యాసం మిల్లీమీటర్లలో. నేను మీ దగ్గర కొనడానికి ఆ ఒక్క లైనే కారణం.

పాత అల్లాయ్‌లలో రెండు గుంతల్లో పడి వంగిపోయాయి, టైర్లు కూడా అరిగిపోయాయి. చేతిలో ఉన్న డబ్బుకు ఏది తీసుకోవాలా అని చాలా ఆలోచించాను. 17 అంగుళాల చక్రం చూడటానికి బాగుంటుంది, నిజమే. కానీ చక్రం పెద్దదైన కొద్దీ బరువు పెరుగుతుంది, టైరు ఖరీదు పెరుగుతుంది, టైరు గోడ ఎత్తు తగ్గుతుంది. ఉన్న డబ్బంతా చక్రం మీద పెట్టేసి చవక టైరు వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు, వానలో మలుపు తిరిగినప్పుడు ఆ 145 హార్స్‌పవర్ మనకు ఏ విధంగానూ సాయం చేయదు. రోడ్డును పట్టుకునేది రబ్బరే. అందుకని కంపెనీ సైజు 195/55 ఆర్16లోనే (195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం గోడ ఎత్తు, 16 అంగుళాల చక్రం) ఉండిపోయి మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెట్టాలనుకున్నాను. ఐ20కి కూడా ఇదే సైజు వస్తుంది కాబట్టి రేపు ఒక టైరు పోయినా ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. తక్కువ బడ్జెట్‌లో ఇలాంటి బండి నడిపేవాళ్లకు ఇంతకంటే సరైన దారి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక మీరు పంపింది. చక్రం వెనక్కి తిప్పి చూస్తే స్పోక్ లోపలి వైపు "4×100" అని పోతపోసి ఉంది. మధ్య రంధ్రం 73.1 మిల్లీమీటర్లు. నా హబ్ 58.1. అంటే చుట్టూ ఏడున్నర మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీని నింపాల్సిన రింగులు డబ్బాలో లేవు, బిల్లులో మాత్రం ఉన్నాయి.

మా ఊళ్లో ఫియట్ బండ్లు బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ముందు చక్రం ఒకటి విప్పి, మీ చక్రాన్ని హబ్ మీద ఆనించి, స్పానర్ ముట్టకుండా చేత్తోనే బోల్టులు తిప్పుకుంటూ వచ్చాడు. మొదటిది సాఫీగా లోపలికి వెళ్లింది. దాని ఎదురుగా ఉన్నది కాస్త ఏటవాలుగా పోయింది. మూడోది మొదలైనా పట్టేసింది, నాలుగోది అసలు త్రెడ్ (మర) అందుకోలేదు. "అన్నా, బోల్టులు బిగించే గన్ పెట్టి కొడితే ఎక్కుతది. కానీ హబ్ త్రెడ్ పోతది, రోడ్డు మీద బోల్టులు లూజైతయి. నేనైతే ఎక్కియ్య" అని చక్రం కింద పెట్టేశాడు. ఆయన అలా ఆగకపోతే ఈ ఉత్తరం ఇంకో రకంగా ఉండేది. ఒక్కో రంధ్రం ఉండాల్సిన చోటి నుంచి ఒక మిల్లీమీటరే జరిగింది, కానీ బోల్టు తల కింద ఉన్న కోన్ తన గుంటలో సమంగా కూర్చోవాలంటే ఆ మిల్లీమీటరే ముఖ్యం. ఒక పక్కే నొక్కుకుని కూర్చున్న బోల్టు ఎంత టార్క్ పెట్టి (బలంగా) బిగించినా నిలబడదు.

ఇదే విషయం మీ కస్టమర్ కేర్ అమ్మాయికి చెబితే, "సార్, టెన్షన్ వద్దు, వాబుల్ బోల్ట్స్ ఫ్రీగా పంపిస్తాం" అన్నారు. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడారు, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. అలాంటి బోల్టులు ఉన్నాయనీ, తల కింద కదిలే కాలర్ ఉంటుందనీ నాకు తెలుసు. కానీ చక్రం హబ్ మీద రింగుతో సరిగ్గా మధ్యలో కూర్చుంటేనే వాటికి అర్థం. మీరు రింగులే పంపలేదు. పైగా వాట్సాప్‌లో పంపిన ఫొటోలో బోల్టు మీద 12×1.5 (12 మిల్లీమీటర్ల మందం, మరల మధ్య దూరం 1.5) అని ఉంది, నా హబ్ త్రెడ్ 12×1.25. అవి పెట్టి తిప్పితే పాడయ్యేది హబ్బే. అసలు నేను సర్దుబాటు సామాను అడగలేదు. 4×98 అడిగాను, 4×98కే డబ్బు కట్టాను.

ఆ తర్వాత మీ రిటర్న్ విభాగం నుంచి వచ్చిన ఈమెయిల్‌లో "రిమ్‌కు టైరు ఎక్కించిన తర్వాత వాపసు కుదరదు" అని ఉంది. ఈ మాట చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. టైర్లు ఎక్కించింది నేను కాదు. ఎక్కించి, బ్యాలెన్స్ చేసి, గాలి నింపి పంపింది మీ గోదాము వాళ్లే. "డబ్బా విప్పి బిగించుకోవడమే" అన్నది మీ ప్రకటన. మీరు చేసిన పనిని చూపించి నా వాపసు హక్కు పోయిందనడం ఏ విధంగా న్యాయం?

దీనికి బదులుగా మీ సేల్స్ నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది: ఇంకో ₹18,000 కడితే 205/45 ఆర్17 టైర్లతో 17 అంగుళాల 4×98 సెట్ ఇస్తారట. మొత్తం చుట్టుకొలతలో పెద్ద తేడా రాదు, ఒక శాతం లోపే, కాబట్టి స్పీడోమీటర్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. అయితే టైరు గోడ 107 మిల్లీమీటర్ల నుంచి 92కు పడిపోతుంది. 16 అంగుళాల మీదే రెండు రిమ్ములు వంగిన రోడ్ల మీద నేను రోజూ తిరుగుతున్నాను. పైగా మీరు చూపించిన టైరు లోడ్ ఇండెక్స్ 84, అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. నేను ఆర్డర్ చేసిన టైరుది 87, అంటే 545 కిలోలు. ఆ 17 అంగుళాల సైజులో ఎక్కువ బరువు మోసే 88 ఎక్స్‌ఎల్ రకం కూడా దొరుకుతుంది, దాని మాట మీ వాళ్లు ఎత్తలేదు. తప్పు సామాను పంపి, దాన్ని సరిచేయడానికి ఇంకా డబ్బు అడిగి, అంతకు ముందుకన్నా తక్కువ బరువు మోసే టైరు అంటగట్టడం నేను ఒప్పుకోను.

టైర్ల తయారీ తేదీ కూడా చూడండి. "ఆరు నెలల లోపు స్టాక్" అని పేజీలో ఉంది. మూడు టైర్ల మీద 0922 అని ఉంది, అంటే 2022లో తొమ్మిదో వారం. నాలుగోదాని మీద 3123. ఫొటోలు జత చేశాను.

నేను కోరేది ఇది. చక్రాలు, టైర్లు మీ ఖర్చుతో మా ఇంటి నుంచి తీసుకెళ్లి పూర్తి ₹62,000 నా ఖాతాలో వేయాలి. మీ దగ్గర అసలైన 16 అంగుళాల 4×98 చక్రాలు 58.1 రింగులతో, కొత్త స్టాక్ టైర్లతో ఉంటే, బిగించే ముందు చక్రం వెనక అచ్చు ఫొటో పంపిన తర్వాత అదే ధరకు తీసుకోవడానికి సిద్ధమే. దీంతోపాటు పుంటో, ఫియట్‌దే ఇంకో కారు లీనియా పేర్ల కింద 4×100 చక్రాలు చూపిస్తున్న పేజీలను ఈ వారమే తీసేయండి. ఈ బండ్లు నడిపేవాళ్లలో చాలామంది నాలాగే లెక్క చూసుకుని ఖర్చు పెట్టేవాళ్లు. ఎవరో ఒకరు గన్ పెట్టి బిగించేసి కుటుంబంతో హైదరాబాద్ హైవే ఎక్కుతారు. ఆ భయం నన్ను వదలడం లేదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. వర్ణనకు సరిపోలని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉండే జిల్లాలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది.

జత చేసినవి: బిల్లు, ఆర్డర్ పేజీ స్క్రీన్‌షాట్, చక్రం వెనక అచ్చు, టైర్ల తేదీల ఫొటోలు, మీ ఈమెయిల్, మెకానిక్ చేత్తో బోల్టులు తిప్పుతున్న వీడియో.

ఇట్లు,
మీ వినియోగదారుడు